పిల్లాడు వేరేవాళ్లింట్లో నిజం తుపాకీ చూశాడు. ఐదేళ్లవాడికి ఎలా చెప్పాలి?

ఫ్రిస్కో అమ్మ

అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మొన్న శనివారం మా ఐదేళ్లవాణ్ణి మాకు బాగా దగ్గరైన ఒక తెలుగు కుటుంబం ఇంటికి ఆడుకోవడానికి పంపాను. వాళ్ల బాబుకి ఆరేళ్లు. రాత్రి పెరుగన్నం తినిపిస్తుంటే మావాడు మామూలుగా, "అమ్మా, అంకుల్ వాళ్ల మంచం పక్కన డ్రాయర్‌లో నిజం గన్ ఉంది తెలుసా" అన్నాడు. ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. "నువ్వు ముట్టుకున్నావా నాన్నా?" అంటే ముందు లేదన్నాడు. కాసేపాగి, "ఒక్క వేలితోనే. చల్లగా ఉంది" అన్నాడు.

అంతే, గట్టిగా అరిచేశాను. వాడు బెదిరిపోయి ఏడుస్తూ పడుకున్నాడు. నాకైతే రెండు రాత్రులుగా నిద్ర లేదు.

మా ఇంట్లో గన్ లేదు. అందుకే ఈ విషయం వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇప్పుడు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి? ఆ ఇంటివాళ్లతో మాట్లాడాలా? ఆవిడ నాకు అక్కలాంటిది. నా డెలివరీ అప్పుడు పదిరోజులు ఆవిడే వంట చేసి పంపింది. ఏమనుకుంటుందోనని ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేస్తున్నాను.

నర్స్ అక్క

అమ్మా, నేను ఒహాయోలో పిల్లల వార్డులో నర్సుని. ముందు ఒక పని చెయ్యండి. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, అరిచినందుకు సారీ చెప్పండి. "నువ్వు నాకు చెప్పావు చూడు, అది చాలా మంచి పని" అనండి. ఎందుకంటే చెప్తే అమ్మ అరుస్తుందని వాడి మనసులో పడిపోతే రెండోసారి చెప్పడు. మనకి కావలసింది వాడు చెప్పడమే.

ఐదేళ్లవాడికి నాలుగు మాటలు చాలు. ఆగు. ముట్టుకోకు. అక్కణ్ణుంచి పరిగెత్తు. పెద్దవాళ్లకి చెప్పు. 1988లో తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వాళ్లు ఎడ్డీ ఈగిల్ అనే గద్ద బొమ్మతో పెట్టిన కార్యక్రమంలో ఉన్నవి ఇవే. తుపాకులు కావాలనేవాళ్లు, వద్దనేవాళ్లు కూడా పిల్లలకి ఇంచుమించు ఇదే చెబుతారు. తెలుగులోనే నేర్పించండి. భయమేసినప్పుడు పిల్లల నోట ఇంటి భాషే వస్తుంది.

ఇంకొక్క మాట. అది బొమ్మా, నిజమా అని తేల్చుకునే పని పిల్లాడిది కాదని గట్టిగా చెప్పండి. ఇక్కడ బొమ్మ తుపాకీ కొసకి నారింజ రంగు ఉండాలని రూలు ఉంది. కానీ ఆ రంగు చూసుకోమని మాత్రం నేర్పకండి. రంగు ఊడిపోవచ్చు, నిజందానికీ ఎవరైనా వెయ్యొచ్చు.

మల్లెతీగ

చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. మా ఇంట్లో లేదు కదా, మనకెందుకు అని నేనూ అనుకునేదాన్ని. మన పిల్లలు మన ఇంట్లోనే ఉండరు కదా.

హ్యూస్టన్ షాపు

నేను గన్ ఉన్నవాణ్ణి. మాది చిన్న గ్యాస్ స్టేషన్ స్టోర్. రెండేళ్ల క్రితం రాత్రి పదకొండు గంటలకి ఒకడు మా తమ్ముడి తలకి గన్ పెట్టి కౌంటర్ ఖాళీ చేసుకుపోయాడు. ఆ తర్వాతే కొన్నాను. నాకు అది సరదా కాదు.

మా ఇంట్లో బీరువా పై అరలో ఉంటుంది. మా పెద్దోడికి తొమ్మిదేళ్లు. కూర్చోబెట్టి, చూపించి, ఇది మనిషిని చంపుతుంది, నేను లేకుండా ముట్టుకోకూడదు అని చెప్పాను. దాచిపెడితేనే ఆసక్తి పెరుగుతుంది. చూపిస్తే ఆ ఆసక్తి పోతుంది. మావాడు దాని జోలికి వెళ్లడని నాకు నమ్మకం ఉంది. నా అభిప్రాయం ఏంటంటే, పిల్లలకి సరిగ్గా నేర్పిస్తే ఇంత టెన్షన్ అక్కర్లేదు.

నర్స్ అక్క

తమ్ముడూ, మీకు జరిగింది చదివి బాధేసింది. మీరెందుకు కొన్నారో అర్థమైంది, దాని మీద నాకు వాదన లేదు. కానీ ఆ నమ్మకం గురించి మాత్రం మాట్లాడాలి.

2001లో అట్లాంటా డాక్టర్లు చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. మీ పెద్దోడి వయసువాళ్లే, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మగపిల్లలు. ఇద్దరిద్దర్నీ, ముగ్గురేసి ముగ్గుర్నీ ఒక గదిలో వదిలి, అద్దం వెనక నుంచి చూశారు. డ్రాయర్లలో నీళ్ల తుపాకులు రెండు, పేలకుండా చేసిన నిజం పిస్టల్ ఒకటి పెట్టారు. 48 మందికి ఆ నిజందే కంటబడింది. అందులో 30 మంది చేత్తో పట్టుకున్నారు, 16 మంది ట్రిగర్ నొక్కారు. అలా పట్టుకున్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా, గన్‌తో జాగ్రత్తగా ఉండాలని అంతకుముందే ఎవరో ఒకరు చెప్పినవాళ్లే. మావాడికి అలాంటివాటి మీద ఆసక్తి లేదని తల్లిదండ్రులు చెప్పిన పిల్లలు కూడా మిగతావాళ్లలాగే పట్టుకున్నారు.

అది మొండితనం కాదు, పిల్లతనం. కంటబడితే చెయ్యి వెళ్తుంది.

చిన్న వేళ్లకి ట్రిగర్ నొక్కే బలం ఎక్కడిదని కొందరు అంటారు. 1995లో దాన్నీ కొలిచారు. మూడు నాలుగేళ్ల పిల్లల్లో నూటికి 25 మంది, ఐదారేళ్లవాళ్లలో 70 మంది, ఏడెనిమిదేళ్లవాళ్లలో 90 మంది, రెండు వేళ్లు పెట్టి నొక్కితే చాలా రకాల చేతి తుపాకుల్ని పేల్చగలరని తేలింది.

నేర్పడం దండగ అనడం లేదు. మా ఒహాయోలోనే 2023లో వచ్చిన ఇంకో ప్రయోగంలో, వారం ముందు ఒక్క నిమిషం వీడియో చూసిన పిల్లల్లో ముగ్గురిలో ఒకరు గన్ కనబడగానే పెద్దవాళ్లకి చెప్పారు. చూడనివాళ్లలో పదిమందికి ఒకరే చెప్పారు. అంటే నేర్పితే ఫలితం ఉంది. కానీ నేర్పిన తర్వాత కూడా ముగ్గురిలో ఇద్దరు చెప్పలేదు. ఆ ఇద్దరి కోసమే తాళం కావాలి.

హ్యూస్టన్ షాపు

అక్కా, నిన్న రాత్రి మీ పోస్టు రెండుసార్లు చదివాను. మావాడిని అడిగాను, బీరువా పై అర అందుతుందా అని. కుర్చీ కూడా అక్కర్లేదు నాన్నా, కింది అర మీద కాలు పెడితే చాలు అన్నాడు. ఇంకేం మాట్లాడను. ఏం కొనాలో, ఎలా పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణాతీరం

నేను అరిజోనాలో ఉంటాను, పన్నెండేళ్లుగా షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాను. చెప్తాను.

మీది మ్యాగజైన్, అంటే బుల్లెట్లు పేర్చే డబ్బా, ఉన్న పిస్టల్ అయితే ముందు ఆ మ్యాగజైన్ తియ్యాలి. ఆ తర్వాతే స్లైడ్, అంటే గన్ పైన జరిగే భాగం, వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి, అంటే పేలే బుల్లెట్ కూర్చునే గదిలోకి, కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. ఈ వరస తప్పకూడదు. మ్యాగజైన్ ఉండగానే స్లైడ్ లాగి వదిలితే కొత్త బుల్లెట్ లోపలికి ఎక్కి కూర్చుంటుంది. చాలామంది మ్యాగజైన్ తీసేసి ఖాళీ అయిపోయిందనుకుంటారు. ఛాంబర్‌లో ఒకటి ఉండిపోతుంది. "ఖాళీ అనుకున్నా" అనే మాట వెనక ఉండేది ఎక్కువగా ఆ ఒక్క బుల్లెట్టే.

ఖాళీ చేసిన గన్ ఒక తాళం పెట్టెలో, బుల్లెట్లు వేరే తాళం కింద. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది కూడా ఇదే. అసలు ఇంట్లో లేకపోవడం అన్నిటికన్నా క్షేమం అనీ, ఉంటే ఇలా పెట్టమనీ అంటారు. పెట్టెని గోడకో, బీరువా అడుగుకో స్క్రూలతో బిగించండి. లేకపోతే దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. నంబరు పిల్లల పుట్టినరోజు పెట్టకండి, పిల్లలు మొట్టమొదట నొక్కేది అదే.

వేలిముద్ర సేఫ్ కొంటే, ముందు మీ వేలు రిజిస్టర్ చేసి, ఆ తర్వాత వేరేవాళ్ల వేలు పెట్టి చూడండి. 2023 అక్టోబర్‌లో ఇక్కడ దాదాపు 61 వేల బయోమెట్రిక్ సేఫ్‌లు వెనక్కి పిలిపించారు. సెట్ చేశామనుకుంటారు కానీ అది ఎవరి వేలికైనా తెరుచుకునేది. పన్నెండేళ్ల పిల్లాడు ఒకడు పోయాడు.

డబ్బుల సంగతి చూసుకోవాలంటే కేబుల్ లాక్ ఉంది, గన్‌లోంచి దూర్చి వేసే తీగ తాళం. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే కార్యక్రమం కింద చాలా ఊళ్లలో పోలీస్ స్టేషన్లోనే ఊరికే ఇస్తారు. వెళ్లి అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ దొంగలు ఎత్తుకుపోకుండా కేబుల్ ఆపలేదు, పెట్టె పెట్టెనే.

టెక్సాస్‌లో పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి, పేలడానికి సిద్ధంగా ఉన్న గన్ అందేలా అజాగ్రత్తగా వదిలేసి, అది వాళ్లకి దొరికితే నేరం. అది పేలి ఎవరైనా చనిపోయినా, గట్టిగా గాయపడినా ఏడాది దాకా జైలు. హ్యూస్టన్ అన్నా, భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని.

కొత్త వీసా

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నేను హెచ్‌1బీ మీద ఉన్నాను. రూమ్మేట్స్ రేంజ్‌కి వెళ్దాం, కొనుక్కుందాం అంటున్నారు. మనం కొనొచ్చా?

కృష్ణాతీరం

వలసేతర వీసా మీద వచ్చినవాళ్లు గన్ ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ వాటి మీద స్నేహితుల మాట విని అడుగు వెయ్యకండి. లాయర్‌ని అడగండి. గ్రీన్‌కార్డ్ వాళ్ల సంగతి వేరు.

ఇద్దరబ్బాయిల అమ్మ

నేర్పించే పద్ధతి గురించి చెప్తాను. నేను స్కూల్లో పిల్లల ప్రవర్తన మీద పనిచేసే థెరపిస్టుని.

నాలుగైదేళ్ల పిల్లల మీద చేసిన పరిశోధనల్లో తేలింది ఏంటంటే, పాట, వీడియో, బొమ్మల పుస్తకంతో నేర్పితే ఆ నాలుగు మాటలూ గడగడా అప్పజెప్తారు. తర్వాత గదిలో గన్ పెట్టి చూస్తే చాలామంది పట్టుకుంటారు. నోటికి రావడం వేరు, కాళ్లకి రావడం వేరు. ఎక్కాలు అప్పజెప్పించినట్టు అప్పజెప్పిస్తే సరిపోదు. చేసి చూపించి, వాళ్లతో చేయించాలి.

మా ఇంట్లో ఇలా చేశాం. దీపావళికి మా నాన్నగారు ఊరినుంచి తెచ్చిన రీల్ తుపాకీ ఉంది, పాత ఇనుపది. దాన్ని సోఫా మీద దిండు పక్కన పెట్టాను. నేనే నడుచుకుంటూ వచ్చి, చూసి ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, "ముట్టుకోను" అని, వంటింట్లోకి పరిగెత్తి మావారికి చెప్పాను. తర్వాత చిన్నోడితో చేయించాను. మొదటిసారి నవ్వుతూ దాన్నే తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు, "అమ్మా గన్!" అని. చాలామంది పిల్లలు చేసేది ఇదే. మంచి పని చేశాననుకుంటారు. అందుకే "తీసుకురాకు, అక్కడే వదిలేసి నువ్వు రా" అని విడిగా చెప్పాలి. ఐదారుసార్లు చేశాక అలవాటైంది. రెండు వారాలయ్యాక చెప్పాపెట్టకుండా వాషింగ్ మెషీన్ మీద పెట్టాను. చూశాడు, ఒక క్షణం నిలబడ్డాడు, చెయ్యి కొంచెం లేచింది, మళ్లీ దించేసుకుని వచ్చి చెప్పాడు. ఆ చెయ్యి లేచి ఆగడం నేను తలుపు సందులోంచి చూశాను. ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఒకవేళ ముట్టుకుంటే తిట్టకండి. అక్కడికక్కడే మళ్లీ నాలుగైదుసార్లు చేయించండి. సొంత గన్‌ని మాత్రం ఎప్పుడూ ఈ ప్రాక్టీసుకి వాడకండి, ఖాళీగా ఉన్నా సరే. నేర్పడానికి వాడిన ఆ రీల్ తుపాకీని ఇక ఆటబొమ్మల్లో కలపలేదు.

మల్లెతీగ

ఇక్కడ పెద్దవాళ్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. మా చెల్లెలి ఇంట్లో మరిది గన్‌కి లాక్ బాక్స్ ఉంది, తాళంచెవి షేవింగ్ కిట్‌లో దాచుకునేవాడు. ఆర్నెల్లకి వచ్చిన మా అమ్మ ఇల్లు సర్దుతూ ఆ తాళంచెవి చూసి, ఇంటి తాళాలన్నీ ఒకచోట ఉంటే మంచిదని పూజగది పక్కన కొక్కేనికి తగిలించింది. వారం రోజులు అక్కడే ఉంది, నాలుగేళ్ల పాపకి అందే ఎత్తులో. అమ్మ తప్పేం లేదు. ఇంట్లో గన్ ఉందనే ఆవిడకి చెప్పలేదు, భయపడుతుందని. ఇండియా నుంచి అమ్మమ్మలు, నానమ్మలు వస్తే దయచేసి చెప్పండి. పగలంతా పిల్లలతో ఉండేది వాళ్లే.

ఇందూరు బిడ్డ

నేను న్యూజెర్సీలో ఉంటా, మాది నిజామాబాద్ జిల్లా, ఆర్మూర్ దగ్గర పల్లె. ఇది అమెరికా ముచ్చటే అనుకోకండి.

మా బాపు ఆర్మీలో పదిహేడేండ్లు చేసి వచ్చి, బ్యాంకులో గన్‌మన్‌గా కుదిరిండు. పన్నెండు బోరు డబుల్ బారెల్, సొంత లైసెన్స్. మా దిక్కు రిటైర్ అయిన జవాన్లు చాలామంది చేసే నౌకరీ అదే. ఎలక్షన్లు వస్తే ఠాణాలో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు. మిగతా రోజుల్లో లోపలి అర్ర తలుపు వెనక మేకుకి వేలాడేది. తూటాలు వేరేగా, అటక మీద బియ్యం డబ్బా వెనక బిస్కెట్ల టిన్నులో ఉండేవి. బాపు లెక్కలో అది చాలా భద్రం. పిల్లలకి తెల్వదు అనుకునేవాడు.

నాకు ఎనిమిదేండ్లు. ఎండాకాలం మధ్యాహ్నం అందరూ పడుకున్నంక బియ్యం డబ్బా మీదికెక్కి ఆ టిన్ను దింపేవాణ్ణి. ఎర్రటి తూటాలు, అడుగున ఇత్తడి బిళ్ల. బండల మీద సిపాయిల లెక్క వరసగా నిలబెట్టి ఆడుకునేవాణ్ణి. గన్‌ని మాత్రం ఎన్నడూ దించలేదు. ఎందుకు దించలేదో ఇప్పుడు అడిగితే చెప్పలేను, బరువుంటదని కావచ్చు. ఎన్నిసార్లు ఆడుకున్నానో లెక్క లేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మొదటిసారి ఇక్కడ రాస్తున్నా.

ఈ ఎండాకాలం సెలవులకి నా ఆరేండ్ల బిడ్డను తీసుకుని ఊరికి పోతున్నాం. గన్ ఇప్పటికీ ఆ మేకుకే ఉంది.

నర్స్ అక్క

అన్నా, మీరు రాసింది చదివి అలబామా పరిశోధన గుర్తొచ్చింది. గన్ ఎక్కడుందో మా పిల్లలకి తెలియదని చెప్పిన తల్లిదండ్రుల పిల్లల్ని విడిగా అడిగితే, నూటికి 39 మంది ఎక్కడుందో చెప్పేశారు. ఎప్పుడూ ముట్టుకోలేదని తల్లిదండ్రులు చెప్పినవాళ్లలో నూటికి 22 మంది, పట్టుకున్నాం అన్నారు. దాచిపెట్టడం వేరు, తాళం వెయ్యడం వేరు. నాన్నగారితో మాట్లాడండి, ఊరికి వెళ్లే ముందే.

టీనేజ్ పిల్లలున్నవాళ్లు కూడా చదువుతున్నారేమో, అందుకని ఒక్క మాట. ఆ వయసులో భయపడాల్సింది ఆట గురించి కాదు, మనసు బాగోని ఒక్క రాత్రి గురించి. ఇంట్లో అందరికీ నంబరు తెలిసిన సేఫ్, సేఫ్ కాదు. పిల్లాడు ముభావంగా ఉంటే, కొన్నాళ్లు గన్‌ని ఇంట్లోంచే తీసేయించండి. ఇక్కడ మనసు బాగోనివాళ్ల కోసం ఉన్న 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఏ వేళప్పుడైనా మాట్లాడొచ్చు.

ఫ్రిస్కో అమ్మ

ఇన్ని మాటలు చెప్పినందుకు అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. వాడికి సారీ చెప్పాను. నిన్నటి నుంచి దిండు పక్కన తుపాకీ ప్రాక్టీసు మొదలుపెట్టాం. కానీ అక్కకి ఫోన్ చెయ్యడమే నావల్ల కావడం లేదు. ఏ మాటతో మొదలుపెట్టాలి?

ఇద్దరబ్బాయిల అమ్మ

మొహమాటం నాకూ తెలుసు. పిల్లాడికి వేరుశనగ పడదని చెప్తాం, మీ కుక్క కరుస్తుందా అంటాం, స్విమ్మింగ్ పూల్‌కి గేటు ఉందా అంటాం. ఇదొక్కటి అడిగితే మాత్రం వాళ్లని అనుమానించినట్టు అనిపిస్తుంది. ఇక్కడ పిల్లల డాక్టర్లు దీని కోసమే ఏటా జూన్ 21న ఒక రోజు పెట్టుకుని, పిల్లల్ని పంపే ముందు అడగండి అని చెప్తారు. ఈ దేశంలో దాదాపు 46 లక్షల మంది పిల్లలు, బుల్లెట్లు ఎక్కించి తాళం వెయ్యని గన్ ఉన్న ఇళ్లలో ఉన్నారని 2021 లెక్క. మనవాళ్ల ఇళ్లూ అందులో ఉంటాయి కదా.

కొత్తవాళ్లయితే నేను ఇలా మెసేజ్ పెడతాను: "మావాణ్ణి శనివారం పంపుతున్నాం. వాడికి ప్రతిదీ తెరిచి చూసే అలవాటు. ఇంట్లో గన్ ఉంటే తాళం వేసి ఉందా? అందర్నీ అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి." తప్పు నా పిల్లాడి చేతుల మీద వేసుకుంటాను, వాళ్ల ఇంటి మీద వెయ్యను.

మీది వేరే సంగతి. ఫోన్ చెయ్యండి, మెసేజ్ వద్దు. ఆయనతో కాదు, అక్కతోనే. ముందు వాళ్ల బాబు పేరెత్తండి. మన బాబు అక్కడ రెండు గంటలు ఉన్నాడు, వాళ్ల బాబు రోజూ ఉంటాడు. డ్రాయర్ చూపించింది ఎవరని మాత్రం అడగకండి, ఆరేళ్లవాడికి దెబ్బలు పడతాయి.

హ్యూస్టన్ షాపు

ఆ ఇంటాయన స్థానంలో ఉన్నవాడిగా చెప్తున్నాను చెల్లీ. ఫోన్ వస్తే మొదట నాకు కోపమే వస్తుంది, నిజం. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అయినా చెయ్యండి. నాకు ఎవరూ చెయ్యలేదు. ఇక్కడ చదవకపోతే నాది ఇంకా పై అరలోనే ఉండేది. పెట్టె వచ్చింది, నిన్న బిగించాను.

ఫ్రిస్కో అమ్మ

చేశాను. ఆదివారం మధ్యాహ్నం. "అక్కా, మన పిల్లలిద్దరి గురించి ఒక మాట" అని మొదలుపెట్టి చెప్పేశాను. అవతల ఎంతసేపటికీ మాట లేదు. కుక్కర్ విజిల్ మాత్రం వినిపించింది. తర్వాత, "డ్రాయర్‌లో ఉంటుందని తెలుసు, తాళం వేస్తున్నారనే అనుకున్నానే" అంది. గొంతు వణికింది. నేను అనుకున్నవేవీ అనలేదు.

అన్నయ్యగారు మూడు రోజులు మాతో మాట్లాడలేదు. మావారు ఫోన్ చేసినా ఎత్తలేదు. నిన్న రాత్రి అక్క ఒక ఫొటో పంపింది, బీరువా అడుగున బిగించిన నల్ల పెట్టె. పక్కనే స్క్రూడ్రైవర్ ఇంకా అక్కడే ఉంది. కింద ఏమీ రాయలేదు. నేనూ ఒక నమస్కారం గుర్తు పెట్టి ఊరుకున్నాను. కొన్నాళ్లు పిల్లలు మా ఇంట్లోనే ఆడుకుంటారని చెప్పాను, సరే అంది.

మావాడు ఇవాళ్టి ప్రాక్టీసులో పరిగెత్తుకొచ్చి నా చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగాడు. "అమ్మా, ముట్టుకోలేదు, ఒక్క వేలితో కూడా ముట్టుకోలేదు" అన్నాడు.

ఇందూరు బిడ్డ

ఈ రోజు పొద్దున బాపుకి ఫోన్ చేసిన. మనవరాలు వస్తున్నది, గన్‌ని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వెయ్యి అన్న. "నువ్వు ఈ ఇంట్లనే పెరగలేదా, ఎన్నడన్న ఏమన్న అయ్యిందా" అన్నడు.

అప్పుడు చెప్పిన. బియ్యం డబ్బా, బిస్కెట్ల టిన్ను, బండల మీద సిపాయిలు, అన్నీ.

చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్ అయ్యిందేమో అనుకున్న. తర్వాత, "ఎన్ని తూటాలు ఉండేటివిరా?" అని అడిగిండు. పదకొండు అన్న. "పన్నెండు" అన్నడు బాపు. "ఒకటి ఎప్పుడూ తక్కువ వచ్చేది. బ్యాంకుల పోయిందనుకున్న."

ఆ ఒక్కటి నేను ఏం చేసిన్నో నాకు యాదికి లేదు. సాయంత్రం బాపు మళ్లీ తనే ఫోన్ చేసిండు. ఆర్మూర్ పోయి పెట్టెకి కొలత ఇచ్చి వచ్చిండట.